ఏడో నంబరు డ్రమ్ము

(పదకొండో భాగం)

కిందటి వారం మనం షాలోమిని సలోమోను బీఫ్ కొట్టు వెనకాల మోకాళ్ళ మీద కూర్చోబెట్టి వదిలేశాం. ఆమె చేతిలో తడిగుడ్డ, ఎదురుగా నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము. డ్రమ్ముకు పట్టిన మట్టి తుడిస్తే తెల్ల పెయింటుతో వేసిన ఏడు అంకె బయటపడింది. అది చూసి ఆ పిల్ల అక్కడే కూలబడింది. అంకెను చూసి అంత బెంబేలు పడడానికి ఏముందని మీరు అడగొచ్చు. ఏడుకు నడుము దగ్గర అడ్డగీత గీసే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. నలభై దాటాక రాత్రిబడిలో అంకెలు నేర్చుకుని, ఒకటికీ ఏడుకీ తేడా తెలియడానికి ఆ గీత పెట్టుకున్న మనిషి. ఆమె కన్నతండ్రి మల్లయ్య.

కొత్తగా చేరిన పాఠకులకు జరిగిన కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. చాట్రాయి రోడ్డు మీద ఆదివారం, బుధవారం దున్నపోతు మాంసం పోగులు పెట్టి అమ్మే సలోమోను షాలోమికి స్వయానా మేనమామ. రెండు ఆదివారాల కిందట ఆ కొట్టుకు వెళ్ళివచ్చిన వాళ్ళలో పద్నాలుగు మందికి వాంతులు, నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. పదమూడు మంది తేరుకున్నారు. పద్నాలుగోది షాలోమి వాళ్ళ పేటలోనే ఉండే నాగమణి కూతురు స్వాతి, ఆరేళ్ళది. కిడ్నీలు పనిచేయక బెజవాడ ఆసుపత్రిలో మిషను మీద ఉంది. బుధవారం ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు కృష్ణకాంత్ వచ్చి, పోగులోంచి మాంసం తీసి సీలు వేసి పరీక్షకు పంపాడు, కొట్టుకు తాళం వేశాడు. శుక్రవారం రిపోర్టు వచ్చింది. మాంసంలో ఈ-కోలై అనే సూక్ష్మక్రిమి ఉంది, అందులోనూ కిడ్నీలను దెబ్బతీసే రకం. ఆ సాయంత్రమే సలోమోనును పోలీసులు తీసుకెళ్ళారు.

షాలోమికి మాత్రం ఆ రిపోర్టు మింగుడుపడలేదు. నూజివీడులో మామిడికాయలు కడిగే నీళ్ళనూ, డబ్బాల్లో నింపే రసాన్నీ పరీక్ష చేసే ల్యాబులో ఆమెకు ఉద్యోగం. బుధవారం ఆఫీసరు ఒక సాంపిలు తీస్తే, ఆమె తన సీసాల్లో నాలుగు తీసుకుంది. కొక్కేనికి వేలాడే తొడ మాంసం, పోగులో పెట్టిన మాంసం, కోత మొద్దు గీకిన పొట్టు, డ్రమ్ములో నీళ్ళు. వేలాడే మాంసంలో ఏమీ లేదు. మొద్దులో ఏమీ లేదు. పోగులో ఉంది. డ్రమ్ము నీళ్ళు వేసి క్రిములు పెంచి చూసిన ప్లేటు మీదైతే సూది మోపే సందు లేకుండా చుక్కలు మొలిచాయి. జబ్బు దున్నపోతుది కాదు, కడిగిన నీళ్ళది. ఆ సంగతి తేలిన రాత్రి ఆమెకు కంటిమీద కునుకు లేదు. తెల్లారగానే డ్రమ్ము ఎక్కడిదో చూద్దామని వెళితే, గెలిచానన్న సంతోషం ఆ అడ్డగీత దగ్గర ఆగిపోయింది.

శనివారం పొద్దున పదిన్నరకు షాలోమి స్కూటీ మీద రావుగారి తోట వైపు వెళుతోంది. వెళుతోంది అనడం కంటే తిరుగుతోంది అనాలి. తోట మలుపు రెండుసార్లు దాటిపోయి, రెండుసార్లు వెనక్కి తిప్పుకుంది. ఒకసారి విస్సన్నపేట దాకా వెళ్ళి, పెట్రోలు బంకులో అవసరం లేని పెట్రోలు పోయించుకుని వచ్చింది. తండ్రిని ఏమని అడగాలో తెలియడం లేదు. అడగకుండా ఉండలేకపోతోంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అలా ఉంది ఆమె పని.

ఫోను మోగింది. ల్యాబులో పెద్ద మేడమ్ సుప్రజ.

"షాలోమీ, నీ ప్లేట్లు నేను కూడా చూశాను. పని శుభ్రంగా చేశావు. కానీ ఇది ప్రైవేటు రిపోర్టమ్మా. కృష్ణకాంత్ గారితో మాట్లాడాను. సాయంత్రం నాలుగింటికి ఫైలు పైకి వెళ్ళిపోతుందట. ఆ లోపు డ్రమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో, అంతకు ముందు అందులో ఏముండేదో రాసి, ఇచ్చినవాళ్ళతో సంతకం పెట్టించి తెస్తే చేరుస్తానన్నాడు."

"సంతకం లేకపోతే మేడమ్?"

"ఎక్కడిదో తెలియని డ్రమ్ములో ఏమున్నా మీ మావయ్యే కలిపాడంటారు. ఏంటి, డ్రమ్ము ఎవరిదో తెలిసిందా?"

"ఇంకా లేదండీ," అంది షాలోమి. పుట్టి బుద్ధెరిగాక పనిలో ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే.

మూడోసారి మలుపు దాటిపోలేదు.

లక్ష్మీనరసింహారావుగారి తోట నలభై ఎకరాలు. కోతలు జోరుగా సాగుతున్నాయి. చిక్కాలు కట్టిన పొడుగాటి కర్రలతో మగవాళ్ళు కాయ దింపుతుంటే, ఆడవాళ్ళు నీడన కూర్చుని తొడిమలు విరిచి సొన కారుస్తున్నారు. రావుగారు ఆరేళ్ళుగా పురుగుమందు ముట్టరు. రెండు నాటు ఆవులను కట్టేసి, పేడ, పంచితం, బెల్లం, శనగపిండి కలిపి డ్రమ్ముల్లో పులియబెట్టించి చెట్లకు పోయిస్తారు. దాని పేరు జీవామృతం. తోట చూడటానికి వచ్చిన పెద్దమనుషుల ముందు డ్రమ్ములో వేలు ముంచి నాలుక మీద పెట్టుకోవడం ఆయనకు సరదా. "చూశారా? మా తోటలో మందు కూడా అమృతమే," అంటారు. వాళ్ళు చప్పట్లు కొడతారు. ఆ అమృతాన్ని రోజుకు రెండు పూటలా కర్రతో తిప్పే మనిషి మల్లయ్య. ఏ రోజు కలిపిందేదో గుర్తుండడానికి డ్రమ్ముల మీద అంకెలు వేసిందీ ఆయనే.

రేకుల షెడ్డులో ఆయన ఒక్కడే ఉన్నాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపే కర్ర తిప్పుతున్నాడు. కూతుర్ని చూడగానే మొహం విప్పారింది.

"ఏమ్మా, ఇవాళ ఆఫీసు లేదా? అన్నం తిన్నావా? ఆ సంచిలో మజ్జిగుంది, తాగు."

షాలోమి మజ్జిగ వైపు చూడలేదు. గోడ వెంట వరసగా ఉన్న నీలం డ్రమ్ముల వైపు చూసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆరు పక్కన ఎనిమిది. అక్కడితో లెక్క ఆపేసింది. చూడాల్సింది చూసింది.

"నాన్నా, ఏడో నంబరు డ్రమ్మేది?"

"పాతబడిందిలే. అయ్యగారు కొత్త ట్యాంకులు తెప్పించారుగా, ఆ మూల. పాతవి ఒక్కోటే ఎవరికన్నా ఇచ్చెయ్ మల్లయ్యా అన్నారు."

"ఎవరికిచ్చావు?"

"మీ మావయ్యకే. వాడి సిమెంటు తొట్టి పగిలిపోయింది, నీళ్ళకి ఇబ్బందిగా ఉంది బావా అన్నాడు. ఉగాది వెళ్ళాక అనుకుంటా. ఏం, ఇప్పుడెందుకది?"

ఆయన గొంతులో దాపరికం లేదు. అదే షాలోమిని ఎక్కువ బాధపెట్టింది. తప్పు చేసినవాడు తడబడతాడు, బుకాయిస్తాడు. ఈయన మంచి పని చేసి చెప్పుకుంటున్నవాడిలా చెబుతున్నాడు.

"నాన్నా, ఆ డ్రమ్ము ఇచ్చే ముందు కడిగావా?"

"కడక్కుండా ఇస్తానా? మూడుసార్లు కడిగి, రెండ్రోజులు ఎండలో బోర్లించి మరీ ఇచ్చా."

"దేంతో కడిగావు?"

"నీళ్ళతోనే. పేడనీళ్ళకి సబ్బెందుకే?" అని నవ్వాడు మల్లయ్య.

ఇదీ సంగతి. అదే డ్రమ్ములో పురుగుమందు ఉండి ఉంటే ఆయన గునపంతో నాలుగు పోట్లు పొడిచి గోతిలో పూడ్చేవాడు. పోయినేడు పక్క తోటలో మందు డబ్బాతో నీళ్ళు ముంచబోయిన కూలీని కొట్టినంత పని చేశాడు. కానీ పేడ మురికని ఆయన పుట్టిన దగ్గర్నుంచీ ఎవరూ చెప్పలేదు. పేడతో ఇల్లలికారు, కళ్ళాపి చల్లారు, పిడకలు కొట్టి వంట చేసుకున్నారు. పైగా అయ్యగారు నాలుక మీద పెట్టుకుని మరీ చూపించారు. ఆయన మాత్రం ఎందుకు అనుమానిస్తాడు?

షాలోమి కర్ర పట్టుకున్న ఆయన చేతిని ఆపింది.

"నాన్నా, కూర్చో. నీకొక మాట చెప్పాలి."

"ఏంటే, అట్టా ఉన్నావ్? స్టేషన్లో సలోమోనుకేమన్నా అయిందా?"

"స్వాతి వాళ్ళింట్లో ఆ ఆదివారం మాంసం కొన్లేదు. నీకు తెలుసా? నాగమణక్కని నేను ఆసుపత్రిలో అడిగా. మాంసం కొనకుండానే ఆ పిల్లకి జబ్బెట్టా వచ్చిందో ఎవరికీ అంతు పట్టలేదు. మావయ్య కొట్టు ముందర అత్త పచ్చి మామిడికాయ ముక్కలు ఉప్పూ కారం వేసి అమ్ముతుంది చూడు, స్వాతి అవి తింది. అత్త ఆ ముక్కలు కడిగేది ఆ డ్రమ్ము నీళ్ళలోనే. మావయ్య మాంసం కడిగేదీ ఆ నీళ్ళలోనే. మాంసమైతే పొయ్యి మీద ఉడుకుతుంది, పురుగు చస్తుంది. జబ్బు చేసిన వాళ్ళందరూ ఆ ముక్కలు తిన్నవాళ్ళో, సగం కాలిన కార్జం తిన్నవాళ్ళో. ఆవు కడుపులో ఉండే పురుగు నాన్నా అది. ఆవుకేం కాదు. పేడలో వస్తుంది. ఆ డ్రమ్ము అడుగున, అంచు మడతల్లో పట్టుకుని ఉండిపోయింది. ఉత్త నీళ్ళకి పోదు."

షెడ్డు బయట చిక్కాల్లోంచి ట్రేల్లోకి కాయలు జారుతున్న చప్పుడు వినపడుతోంది. మల్లయ్య తువ్వాలు విప్పి, మళ్ళీ చుట్టుకుని, మళ్ళీ విప్పాడు.

"అంటే, స్వాతికి..." అని ఆగిపోయాడు. "స్వాతికి నేను పెట్టానా ఇది?"

"నువ్వు కావాలని పెట్టలేదు."

"కావాలని పెట్టకపోతే పెట్టనట్టా?" అన్నాడు. "రోజూ నా భోజనం క్యారియర్ తీసి చూసి, తాతా ఇవాళ ఏం కూర అని అడుగుద్దే ఆ పిల్ల. నాగమణి మొహం నేనెట్టా చూడను?"

షాలోమికి ఏడుపు వచ్చింది. ఏడిస్తే పని జరగదని మింగేసింది. లోపల గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంది. పదకొండున్నరయింది. నాలుగింటికి ఫైలు వెళ్ళిపోతుంది.

"ఇంకో సంగతి, నాన్నా. డ్రమ్ము నీళ్ళు చెడ్డవని నేను నిన్న ఆఫీసరుగారికి ఫోన్లో చెప్పా. ఆయన పోలీసులకు చెప్పి, మావయ్యని అడిగించాడు, డ్రమ్ము ఎక్కడిదని. మావయ్య ఏం చెప్పాడో తెలుసా? విస్సన్నపేట సంతలో కొన్నానన్నాడు."

"సంతలో కొనడమేంటి? నేనిస్తేనే కదా..." మల్లయ్య మాట సగంలోనే తెగిపోయింది. అర్థమైంది ఆయనకు. "ఆ అంకె చూసుకున్నాడన్నమాట, ఎదవ. నా పేరు రాకూడదని సంతలో కొన్నానన్నాడు."

ఆ బావా బావమరుదులు ఎప్పుడూ పొగిడి మాట్లాడుకోరు. సలోమోను వస్తే మల్లయ్య, "వచ్చాడమ్మా దుబాయ్ షేకు," అని వెక్కిరిస్తాడు. మల్లయ్య అల్లం లేకుండా కూర తినడని సలోమోను ఊరంతా ఎగతాళిగా చెబుతాడు. అలాంటి సలోమోను రాత్రంతా స్టేషను బల్ల మీద కూర్చుని, కొట్టినా తిట్టినా బావ పేరు బయటపెట్టలేదు. మల్లయ్య మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చుండిపోయాడు.

సరిగ్గా అప్పుడు షెడ్డు ముందు బుల్లెట్టు ఆగింది. లక్ష్మీనరసింహారావుగారు. తెల్ల లుంగీ, చేతిలో రెండు ఫోన్లు. మనిషి చెడ్డవాడేం కాదు. కూలీలకు జబ్బు చేస్తే కారు పంపిస్తారు, షాలోమి డిగ్రీ చదివినప్పుడు పుస్తకాలు కొనిచ్చారు కూడా. అయితే మొన్న పంచాయతీలో, బీఫ్ కొట్టు రోడ్డు మీద ఉండకూడదని కాగితం రాసి, అందరికంటే ముందు సంతకం పెట్టిందీ ఆయనే.

"ఏమోయ్ మల్లయ్యా, డ్రమ్ము తిప్పడం ఆపేశావే? ఓహో, షాలోమి! ఏమ్మా, బాగున్నావా? మీ మావయ్య సంగతి విన్నాను. మనసుకి కష్టంగా ఉంది. కానీ చెప్పకపోతే ఎట్లా, ఆ వ్యాపారంలో శుభ్రం ఎక్కడుంటుంది?"

షాలోమి మర్యాదగానే చెప్పింది. ప్లేట్ల గురించి, నీళ్ళ గురించి, ఏడో నంబరు గురించి. దాచకుండా, పెంచకుండా చెప్పింది. రావుగారు నవ్వుతూ వినడం మొదలుపెట్టారు. చివరికి వచ్చేసరికి నవ్వు పోయి, రెండు ఫోన్లలో ఒకటి జేబులో పెట్టుకున్నారు.

"ఈ మాట ఇంకెవరికన్నా చెప్పావా?"

"ఇంకా లేదండీ. డ్రమ్ము ఎక్కడిదో రాసి సంతకం పెట్టాలి. నాలుగింటి లోపు ఇవ్వాలి."

"కూర్చో తల్లీ, తొందరెందుకు?" ఆయన తనే ఒక ట్రే బోర్లించి కూర్చున్నారు. "చూడు. సోమవారం నాడు ఈ తోటలోంచి రెండు లారీల సరుకు పోతోంది. కాయ కాయకీ సహజ సాగు అని స్టిక్కరేశాం. ఇప్పుడు నువ్వు ఈ డ్రమ్ము పేరు రాస్తే, జీవామృతంలో జబ్బుందంటారు. నా తోట ఒక్కటే కాదు, చింతలపూడి దాకా ఇదే సాగు చేస్తున్నవాళ్ళందరూ మునుగుతారు. దీని మీద ఎంతమంది బతుకుతున్నారో మీ నాన్ననడుగు."

"జీవామృతం తప్పని నేను రాయట్లేదండీ. చెట్టు మొదట్లో పోస్తే ఏం కాదు. దాని డ్రమ్ములో తాగే నీళ్ళు పోయకూడదని రాస్తున్నా."

"పేపరోళ్ళు ఆ తేడా రాస్తారా? వినమ్మా. సలోమోనుకి లాయర్ని నేను పెడతా. పెద్ద లాయర్ని. ఆర్నెల్లలో కేసు పోతుంది. స్వాతి ఆసుపత్రి ఖర్చు మొత్తం నాది. మీ నాన్న పేరు ఎక్కడా రాదు. ఎవరికీ నష్టం లేదు."

చెప్పిన తీరు ఎంత చల్లగా ఉందంటే, ఒక్క క్షణం షాలోమికే అది న్యాయంగా తోచింది. నాన్న పేరు రాదు. అమ్మ ఇన్నమ్మకు పేటలో తలవంపులుండవు. నాగమణి నాన్న మీద మన్ను పొయ్యదు. మావయ్య ఎలాగూ నింద తన నెత్తిన వేసుకోడానికి ఒప్పుకున్నాడు. ఆ ఆశ ఎంత తియ్యగా ఉందో, దానికి లోబడబోయినందుకు తన మీద తనకే అంత కోపం వచ్చింది. కోపం వస్తే ఆ పిల్లకు నోరు ఊరుకోదు.

"అయ్యగారూ, మీరు ఇందులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటారు కదండీ. ఇవాళ కూడా ఒకసారి పెట్టుకోండి. జబ్బు లేదని నేను కూడా నమ్ముతా."

"షాలోమీ!" అన్నాడు మల్లయ్య.

రావుగారి మొహం ఎర్రబడింది. మాట పడే మనిషి కాదు ఆయన. లేచి, మల్లయ్య తిప్పుతున్న డ్రమ్ము దగ్గరికి వెళ్ళి, చూపుడువేలు ముంచారు. వేలు పైకి తీశారు. పేడరంగు చుక్క ఒకటి గోరు మీదుగా జారి కింద పడింది. వేలు నోటి దాకా వెళ్ళలేదు. గుండెల దగ్గర ఆగింది. ఆయన కళ్ళు ఒకసారి షాలోమి వైపు, ఒకసారి మల్లయ్య వైపు తిరిగాయి. తర్వాత మెల్లగా ఆ వేలిని లుంగీకి తుడుచుకున్నారు.

తెల్ల లుంగీ మీద మరక మాత్రం కనపడుతూనే ఉంది.

మల్లయ్య లేచి నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ తోటలో పనిచేస్తున్న మనిషి, అయ్యగారి ముందు ఎప్పుడూ తువ్వాలు చంకలో పెట్టుకుని నిలబడే మనిషి, ఇవాళ దాన్ని దులిపి భుజాన వేసుకున్నాడు.

"అయ్యగారూ, మీరు నన్ను కాపాడతానన్నారు. మీ దయ. కానీ నన్నిప్పటికే ఒకడు కాపాడుతున్నాడండి, స్టేషన్లో కూర్చుని. ఒక మనిషిని ఇద్దరు కాపాడక్కర్లేదు."

"మల్లయ్యా, ఆలోచించుకో. ఈ షెడ్డులో పని మళ్ళీ దొరకదు."

"తెలుసండి." ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఏం రాయాలో రాయమ్మా. వేలిముద్ర కాదు, సంతకమే పెడతా. నేర్చుకున్నాగా."

షాలోమి బ్యాగులోంచి కాగితం తీసింది. 'ఏడో నంబరు గల నీలం రంగు డ్రమ్మును పేడ, పంచితం కలిపి పులియబెట్టడానికి మూడేళ్ళు వాడి, సబ్బు లేకుండా నీళ్ళతో మాత్రం కడిగి, నా బావమరిదికి నేనే ఇచ్చాను,' అని రాసి, తండ్రి చేతికి పెన్ను ఇచ్చింది. ఆయన ట్రే మీద కాగితం పెట్టుకుని, నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ సంతకం చేశాడు. ఆ సంతకం కిందే మావయ్య విడుదల ఉంది, దాని కిందే తండ్రి కూడూ గుడ్డా పోవడం ఉంది. షాలోమికి గర్వమూ దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి. రావుగారు ఇంకేమీ అనకుండా బుల్లెట్టు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు.

"పద," అన్నాడు మల్లయ్య. "ముందు ఆఫీసరు దగ్గరికి, తర్వాత ఆ ఎదవ దగ్గరికి. నాగమణి దగ్గరికి సాయంత్రం బస్సుకి పోదాం. నేనే చెప్తా, నువ్వు నోరు మెదపకు."

షాలోమి కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది. పొద్దున్నుంచీ మొదటిసారి గుండె కుదుటపడింది. రుజువు కోసం డ్రమ్ముల వరసను ఫోటో తీసుకుందామని ఫోను పైకెత్తింది. నాలుగు, అయిదు, ఆరు. ఏడు ఉండాల్సిన చోట ఖాళీ. ఎనిమిది. ఆ పక్కన ఇంకో ఖాళీ. నేల మీద గుండ్రటి తడి మచ్చ ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆ తర్వాత పది.

"నాన్నా," అంది. "తొమ్మిది ఏది?"

మల్లయ్య గుమ్మం దగ్గర ఆగిపోయాడు. వెనక్కి తిరగలేదు.

"నాన్నా, తొమ్మిదో నంబరు ఎవరికిచ్చావు?"

"అంగన్‌వాడీకి," అన్నాడాయన. "నిన్న సాయంత్రం. కుళాయి రావట్లేదు, ట్యాంకరు నీళ్ళు పట్టుకోడానికి ఏమీ లేదని టీచరు అడిగింది. ఇవాళ పొద్దున్నే ట్యాంకరు వస్తుందంటే నేనే మోసుకెళ్ళి పెట్టొచ్చా. కిటికీ కింద, కాస్త పల్లంలో. పిల్లలకి చెయ్యి అందాలని."

షాలోమి ఫోను చూసింది. పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం పెట్టేది పన్నెండింటికి. టీచరు నంబరు నొక్కింది. మోగింది. మోగింది. మల్లయ్య అప్పటికే చెప్పులు వదిలేసి చెట్ల మధ్యలోంచి రోడ్డు వైపు పరుగెత్తుతున్నాడు.

ఏడో రింగుకు ఎవరో ఫోనెత్తారు. మాట వినపడలేదు. వెనకాల పిల్లల కేకలు, స్టీలు గ్లాసుల చప్పుడు.